మగ్గం ఆగిన మధ్యాహ్నం

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడిలో పాత ల్యాబ్ గదిలో ఎవరో ఏడుస్తున్నారని ఆడపిల్లలు అటువైపు వెళ్ళడం మానేస్తే, క్లాసు క్లాసంతా వెంటబెట్టుకుని ఆ గది తలుపు తీయించిన మనిషిని. కిటికీ రెక్కకి గొళ్ళెం లేదు. గాలి వేసినప్పుడల్లా మూలుగుతోంది, అంతే. గొళ్ళెం వేయించాక ఏడుపు ఆగిపోయింది. ఇలాంటివి మా పిల్లలకి ఎన్నో చెప్పాను. చేతబడి లేదని, దిష్టి లేదని, చనిపోయినవాళ్ళు తిరిగిరారని. ఇప్పటికీ అదే చెబుతాను.

అందుకే నా జీవితంలో జరిగిన ఈ ఒక్క సంగతి ఎక్కడా చెప్పుకోలేదు. నన్ను నేనే నమ్మించుకోలేని విషయాన్ని ఇంకొకరికి ఎలా చెప్పను? కానీ మా అమ్మాయి ఆరో తరగతికి వచ్చింది. నాన్నకి జ్ఞాపకం కాస్త తగ్గుతోంది. ఆ రోజు ఆ చప్పుడు విన్నది మేమిద్దరమే. ఆయన మరిచిపోయేలోగా ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలనిపించింది.

మాది బండారులంక. నేత కుటుంబం. ఇంటి పేరు చెప్పడం కంటే, మా తాతయ్య మగ్గం పేరు చెబితే పాతవాళ్ళు త్వరగా గుర్తుపడతారు. ఆయనకి ఎడమ మోకాలు చిన్నప్పుడే దెబ్బతింది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చెక్క తొక్కేటప్పుడు ఆ కాలు కొంచెం ఆలస్యంగా పడేది. అందుకని ఆయన నేత చప్పుడు అందరిలా ఉండేది కాదు. టక్, టక్ అని రెండు దెబ్బలు, చిన్న వెలితి, తర్వాత ఒక బరువైన దెబ్బ. వీధిలో ఎన్ని మగ్గాలు ఆడుతున్నా ఆ వెలితిని బట్టి మా ఇంటి చప్పుడు నాకు తెలిసిపోయేది.

నా బాల్యం మొత్తం ఆ చప్పుడులోనే గడిచింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మగ్గం గదిలో చాప వేసుకుని పడుకునేదాన్ని. ఆ గది ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది. గంజి వాసన, కొత్త నూలు వాసన, గుంటలోంచి వచ్చే తడిమట్టి వాసన. గోడవారగా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆవిడ వేళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. ఒకరోజు పసుపు, ఒకరోజు నెమలికంఠం. నేను ఆ రంగు చూస్తూ నిద్రపోయేదాన్ని. మగ్గం ఆడుతున్నంతసేపూ పిడుగు పడినా లేచేదాన్ని కాదు. మగ్గం ఆగిందో, టక్కున మెలకువ వచ్చేసేది. అది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

మామ్మ గురించి ఇంకో మాట. ఆవిడ పగలు పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. జ్వరం వచ్చినా గోడకి ఆనుకుని కూర్చునేదే తప్ప నడుం వాల్చేది కాదు. ఇంకోటి, చంటిపిల్లల్ని ఎత్తుకునేది కాదు. వీధిలో బారసాలకి వెళ్తే దూరంగా నిలబడేది. ఎవరైనా బిడ్డని చేతికివ్వబోతే, "చేతులు తడిగా ఉన్నాయమ్మా" అనేది. ఆవిడ చేతులు తడిగా ఉండేవి కావు. పెద్దావిడ, చాదస్తం అనుకునేదాన్ని.

తాతయ్య పోయాక, మరో రెండేళ్ళకి మామ్మ కూడా పోయింది. అప్పటికే నాన్న నేత మానేసి చాలాకాలం అయింది. బట్టల దుకాణంలో లెక్కలు రాసేవారు. అన్నయ్య అసలు మగ్గం ఎక్కలేదు. మగ్గం విప్పి పక్క ఊళ్ళో బంధువులకి ఇచ్చేశారు. గుంట పూడ్చి, సిమెంటు చేసి, పైన పలకలు వేసి ఆ గదిని పడక గది చేశారు. ఆ పలకలు పరుస్తున్న రోజు నేను అక్కడే ఉన్నాను. మామ్మ రాట్నం మాత్రం అటకమీద పెట్టారు.

నాకు మలికిపురం సంబంధం కుదిరింది. మావారు ఓడలరేవు దగ్గర గ్యాస్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం చేస్తారు. పెళ్ళయిన చాలాకాలానికి గానీ కడుపు పండలేదు. నిలిచిన కడుపు కూడా చివరిదాకా నిలవలేదు. ఏడో నెల దాటగానే నాకు బీపీ పెరిగి కాళ్ళూ ముఖమూ వాచిపోయాయి. కాకినాడ తీసుకెళ్తే ఇద్దరిలో ఒకరైనా దక్కాలంటే ఇప్పుడే ఆపరేషన్ చేయాలన్నారు.

పాపని మొదటిసారి అద్దాల పెట్టెలో చూశాను. చర్మం లోపల నరాలు కనిపిస్తున్నాయి. నా అరచేతిలో ఆమె వీపు మొత్తం ఇమిడిపోయింది. గుండె మీద అంటించిన తీగలు పక్కన ఒక యంత్రానికి కలిపి ఉండేవి. మధ్యమధ్య ఆ యంత్రం గట్టిగా కూసేది. నర్సు నింపాదిగా వచ్చి పాప అరికాలు మీద వేలితో చిన్నగా కొట్టేది. పాప ఒళ్ళు విరుచుకుని ఊపిరి తీసుకునేది.

మొదటిసారి అది చూసి నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. ఆ నర్సు రాజోలు వైపు అమ్మాయి. నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"నెలలు నిండకుండా వచ్చేసేరు కదండీ. ఊపిరి తీసుకోవాలన్న సంగతి అప్పుడప్పుడు మర్చిపోతారు ఈ బుజ్జిగాళ్ళు. మనం గుర్తు చెయ్యాలంతే. బరువు పెరిగేకొద్దీ వాళ్ళకే అలవాటవుద్దండీ."

నిజంగానే అలవాటైంది. యంత్రం కూతలు తగ్గి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. అలా కొన్నాళ్ళు చూశాకనే ఇంటికి పంపారు. పంపేటప్పుడు డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పారు. బిడ్డని ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. బోర్లా వద్దు, పక్కకీ వద్దు. పక్క గట్టిగా ఉండాలి. దిండు, మెత్తటి బొంత, బొమ్మలు ఏమీ ఉండకూడదు. మొహం మీదికి దుప్పటి రాకూడదు. మరీ వెచ్చగా చుట్టకూడదు. ఇంట్లో పొగ ఉండకూడదు. మీ గదిలోనే ఉంచండి, కానీ మీ పక్కలో కాదు, వేరే పక్క మీద.

ఎందుకండీ ఇన్ని అని మావారు అడిగారు.

"బాగానే ఉన్న బిడ్డ పడుకున్నది పడుకున్నట్టే పోవడం అని ఒకటుందండీ. ఎందుకు జరుగుతుందో మాకూ పూర్తిగా తెలీదు. నెలలు నిండని పిల్లల్లో ఆ భయం కొంచెం ఎక్కువ. ఈ జాగ్రత్తలు పాటిస్తే చాలావరకు తగ్గుతుంది" అన్నారాయన.

అమలాపురంలో పిల్లల ఆసుపత్రి దగ్గర కాబట్టి పాపని తీసుకుని బండారులంక వచ్చాను. అప్పుడే వానలు మొదలయ్యాయి.

ఇక అమ్మకీ నాకూ వాదన మొదలైంది. అమ్మ అప్పటికే ఆవాల దిండు కుట్టి ఉంచింది, తల గుండ్రంగా వస్తుందని. పాత చీరలన్నీ కలిపి మెత్తటి బొంత కుట్టింది. సాంబ్రాణి సిద్ధం చేసింది. నేను ఒక్కొక్కటీ వద్దంటుంటే ఆవిడ మొహం చిన్నబోయింది.

"నిన్నూ మీ అన్నయ్యనీ ఇలాగే పెంచేను కదే. మీకేమైంది? ఇద్దరూ నిక్షేపంలా లేరూ?"

"మేం నెలలు నిండి పుట్టాం కదమ్మా" అనేదాన్ని.

సాంబ్రాణి మానేసింది. దిండు తీసేసింది. పాపకి పక్క పరిచేటప్పుడు చాప మీద ఒక్క దుప్పటే మడత లేకుండా వేసేది. తన మనవరాలు గట్టి నేల మీద పడుకోవడం చూడలేక మొహం అటు తిప్పుకునేది. ఆవిడది ప్రేమే. ఆ రోజు జరిగింది కూడా ప్రేమ వల్లనే.

నాకు మాత్రం భయం ఒక్కటే. ఇంట్లో ఆ యంత్రం లేదు. ఊపిరి మర్చిపోతే కూసి చెప్పేవాళ్ళు లేరు. అందుకని నిద్ర మానేశాను. పాప పొట్ట లేచి పడటం చూస్తూ కూర్చునేదాన్ని. కళ్ళు మంటలు పుట్టేవి. తల గోడకి కొట్టుకుని ఉలిక్కిపడేదాన్ని.

అప్పుడు వాన పట్టి కురుస్తోంది. విడవకుండా రోజుల తరబడి. మా వైపు నేలలో చేయి పెడితే నీళ్ళు తగులుతాయి, వానాకాలం వస్తే మగ్గాల గుంటల్లోకి నీరు ఊరుతుంది. ఊళ్ళో నేత మొత్తం ఆగిపోయింది. గుంటల్లో నీళ్ళు తోడుకోవడమే పనిగా ఉంది అందరికీ. అన్నయ్యా వదినా పిల్లల్తో వదిన పుట్టింటికి వెళ్ళారు. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, పాప. అంతే.

ఆ మధ్యాహ్నం అమ్మ నాకు వేడివేడి అన్నంలో వెల్లుల్లి కారం కలిపి తినిపించింది. నా కళ్ళ కింద నలుపు చూసి తట్టుకోలేకపోయింది.

"ఒక్క గంట పడుకోవే. నేను చూసుకుంటాను. పాలు తాగి పడుకుంది కదా" అంది.

పాప వెల్లకిలా పడుకుని ఉంది. పొట్ట లేస్తోంది, పడుతోంది. చూసుకుని, పక్కనే చాప మీద ఒరిగాను. నాన్న వీధి అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని వాన చూస్తున్నారు. అదే పాత మగ్గం గది. చల్లదనం అలాగే ఉంది.

నిద్రలోకి జారుకుంటూ మగ్గం చప్పుడు విన్నాను.

ఆ క్షణంలో నాకు వింతగా అనిపించలేదు. అదే చెప్పడానికి కష్టంగా ఉంది. ఆ ఇంట్లో, ఆ గదిలో, ఆ సమయానికి వినిపించవలసిన చప్పుడే అది. టక్, టక్, వెలితి, తర్వాత బరువైన దెబ్బ. వాన హోరులో కూడా స్పష్టంగా వినిపిస్తోంది. ఎంత హాయిగా ఉందంటే, ఆసుపత్రిలో అడుగుపెట్టినప్పటి నుంచీ బిగుసుకుపోయి ఉన్న నా ఒళ్ళు ఒక్కసారిగా వదులైంది. నాకు బిడ్డ పుట్టిందన్న సంగతి కూడా మరిచిపోయాను. మామ్మ వేళ్ళకి ఈరోజు ఏ రంగు ఉందో చూడాలనుకున్నాను. అలా అనుకుంటూనే గాఢంగా నిద్రపోయాను.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. మగ్గం ఆగింది.

టక్కున కళ్ళు తెరిచాను. చిన్నప్పుడు లేచినట్టే లేచాను. వాన పడుతూనే ఉంది. పక్కకి తిరిగి చూస్తే పాప బోర్లా ఉంది. కింద అమ్మ కుట్టిన బొంత. మొహం ఆ మెత్తదనంలోకి కూరుకుపోయి ఉంది. వీపు కదలడం లేదు.

పైకి తీసి తిప్పాను. పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. మెడ వాలిపోయింది. చేతులు వేలాడుతున్నాయి. నర్సు కొట్టినట్టు అరికాలు మీద కొట్టాను. కదల్లేదు. ఇంకోసారి కొట్టాను. వీపు రుద్దాను. అమ్మని పిలవాలన్న ఆలోచనే రాలేదు. తలెత్తి చూస్తే గుమ్మంలో నాన్న ఉన్నారు. అరుగు మీంచి ఆ గదికి రావాలంటే హాలు దాటి, వసారా దాటి రావాలి. రొప్పుతున్నారు. ఆయన మొహం పాప వైపే ఉంది.

"రుద్దు తల్లీ, వీపు గట్టిగా రుద్దు" అంటూ నా ముందు కూలబడి పాప రెండు పాదాలూ అరచేతుల్లోకి తీసుకున్నారు.

రుద్దాను. పాప ఎక్కిళ్ళు పెట్టినట్టు ఒక్కసారి ఎగిరి ఊపిరి లాగింది. మరొకటి లాగింది. తర్వాత సన్నగా, పిల్లికూనలా ఏడుపు.

"ఏడవనీ, ఏడవనీ" అంటున్నారు నాన్న. ఆయన కూడా ఏడుస్తున్నారు.

ఆ ఏడుపు విని వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. చేతిలో పాలగిన్నె ఉంది. పాపని చూసింది, బొంతని చూసింది, గిన్నె జారవిడిచింది.

"కడుపు పట్టేసినట్టు ముక్కుతోందే... బోర్లా వేస్తే సర్దుకుంటుందనీ... నేల గట్టిగా ఉందని బొంత వేసేను. ఇప్పుడే కదే పాలు కాద్దామని లేచేను..."

వానలోనే ఆటో పిలిచి అమలాపురం పరిగెత్తాం. దారి పొడుగునా నేను పాప అరికాలు నిమురుతూనే ఉన్నాను.

ఆసుపత్రిలో పాపకి తీగలు పెట్టి కొన్ని రోజులు ఉంచుకున్నారు. రక్తం పరీక్షలు చేశారు. ప్రత్యేకంగా ఏమీ దొరకలేదు. అక్కడి డాక్టరమ్మ, బిడ్డ ఎలా పడుకుని ఉందని అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది.

"నేనే బోర్లా పడుకోబెట్టేనండీ. మెత్తగా ఉంటుందని బొంత మీద. నా చేతులతోనే."

ఆవిడ అమ్మని తిట్టలేదు. కూర్చోమంది.

"పెద్దవాళ్ళందరూ అలాగే పెంచేరండీ, మీ ఒక్కరే కాదు. ఇకనుంచి వెల్లకిలా పడుకోబెట్టండి, అంతే. ఇంకో మాట వినండి. అన్నీ సరిగ్గా చేసిన ఇళ్ళలో కూడా కొందరు పిల్లలు నిద్రలో పోతారు. ముఖ్యంగా తొందరగా పుట్టినవాళ్ళు. అది ఎవరి తప్పూ కాదు. మీ పాప దక్కింది. సమయానికి చూసేరు, అదృష్టం."

సమయానికి చూశాం. ఆ మాట దగ్గర నాకు నాన్న గుర్తొచ్చారు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. వాన కాస్త తెరిపిచ్చింది.

"నాన్నా, నేను పిలవలేదు కదా. మీరెలా వచ్చేరు?" అని అడిగాను.

ఆయన టీ తాగుతూ మామూలుగా చెప్పారు. "మగ్గం ఆగిందమ్మా. అందుకే వచ్చేను."

చెప్పాక గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. మగ్గం లేదు కదా నాన్నా అని నేను అనలేదు. ఆయనా అనలేదు. మెల్లగా, "నువ్వూ విన్నావా?" అని అడిగారు. తలూపాను.

ఇంటికి వచ్చిన మర్నాడు నాన్న గొడుగు వేసుకుని ఊరంతా తిరిగారు. ఆ మధ్యాహ్నం ఎవరైనా నేశారా అని మగ్గమున్న ప్రతి ఇంటా అడిగారు. అందరూ ఆయన్ని వింతగా చూశారట. "గుంటలో మోకాల్లోతు నీళ్ళుంటే ఎవరు నేస్తారండీ?" అన్నారట. ఆయన తిరిగొచ్చి, తడిసిన గొడుగు మూలన పెట్టి, పడక్కుర్చీలో కూర్చున్నారు.

అమ్మ మాత్రం అన్నం ముట్టడం లేదు. పాపని ఎత్తుకోవడం లేదు. స్నానం చేయించమంటే, "నువ్వే చేయించుకో అమ్మా, నా చేతులు మంచివి కావు" అంది.

అప్పుడు పాపని చూడటానికి వెంకాయమ్మత్త వచ్చింది. నాన్న చెల్లెలు. మా ఊళ్ళోనే పక్క వీధిలో ఉంటుంది. జరిగిందంతా వింది. తర్వాత అమ్మ చేయి పట్టుకుంది.

"వదినా, మా అన్నయ్యకంటే ముందు మా అమ్మకి ఒక ఆడపిల్ల పుట్టింది. నీకు తెలుసా?"

అమ్మకి తెలియదు. నాకూ తెలియదు. నాన్నకి తెలుసునేమో, తల దించుకున్నారు.

"ఏడో నెల్లో పుట్టిందంట. దూదిలో పెట్టి పెంచేరంట. బతికింది. పాలు తాగేది, నవ్వేది కూడా. ఓ మధ్యాహ్నం అమ్మ పక్కలో వేసుకుని పడుకుంది. లేచేసరికి పిల్లలో ఊపిరి లేదు. అమ్మ నిద్రలో మీద పడిపోయిందన్నారంతా. మా నానమ్మయితే చచ్చేదాకా ఆ మాట అంటానే ఉంది, పిల్లని మింగేసేవని. అమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు. తనకే తెలీదు కదా, నిద్రలో ఉంది. ఏమని చెబుతాది?"

నాకు మామ్మ గోడకి ఆనుకుని కూర్చోవడం కళ్ళముందు కదిలింది. తడి లేని చేతుల్ని కొంగుకి తుడుచుకోవడం కూడా.

అత్త చెప్పుకుపోయింది. "తర్వాత అన్నయ్య పుట్టేక మా నాన్నగారు ఉయ్యాల తెచ్చి మగ్గం పక్కన కట్టేరు. అమ్మని ఒక్క మాట అనలేదాయన. నువ్వు చూడక్కర్లేదు, నేను చూసుకుంటాను అన్నారంతే. నేసుకుంటా ఒక కన్ను ఉయ్యాల్లో ఉంచేవారు. మేమందరం అలాగే పెరిగేం. పిల్ల పడుకున్నంతసేపూ మగ్గం ఆపేవారు కాదు. నాడెలో నూలు అయిపోయి కండె మార్చేంతసేపు ఆగితే ఫర్వాలేదు. అంతకన్నా ఎక్కువ ఆగిందో, పిల్లకేదో అయిందనే లెక్క, ఇంట్లో ఎవరే పనిలో ఉన్నా ఉయ్యాల దగ్గరికి పరిగెత్తాలి. అది ఆయన పెట్టిన కట్టుబాటు. నేను పుట్టినప్పుడు మా అన్నయ్య అలా ఎన్నిసార్లు పరిగెత్తేడో. కదన్నయ్యా?"

"ఆయ్" అన్నారు నాన్న.

మగ్గం ఆగితే నాకెందుకు మెలకువ వచ్చేదో అప్పుడు కొంత అర్థమైంది. నేను చంటిదాన్నిగా పడుకున్నది కూడా ఆ ఉయ్యాల్లోనే అట. చప్పుడు ఆగగానే ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొచ్చి నా మొహంలోకి చూసేవారట. ఆ కట్టుబాటు గురించి మాత్రం అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు.

డాక్టరమ్మ అన్న మాట అమ్మే అత్తకి చెప్పింది, ఎవరి తప్పూ కాదన్నదని. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఆ మాట మా అమ్మ ఉండగా చెప్పేవాళ్ళు లేకపోయేరు వదినా. ఒక్కరు... ఒక్కరు చెప్పుంటే ఓ పూట నడుం వాల్చుకునేది."

నాన్న లేచారు. చాపమీద వెల్లకిలా పడుకుని కాళ్ళు ఆడిస్తున్న పాపని తీసి అమ్మ ఒళ్ళో పెట్టారు.

"మా అమ్మనన్న మాట ఈ ఇంట్లో ఇంకెవరూ అనరు. నిన్ను నువ్వు కూడా అనుకోడానికి వీల్లేదు. పట్టుకో" అన్నారు.

అమ్మ పట్టుకుంది. ఆ రోజు సాయంత్రం పాపకి తనే స్నానం చేయించింది.

ఇక నేను ఆలోచించినవి చెబుతాను. పాఠం చెప్పే మనిషిని కాబట్టి ఆలోచించకుండా ఉండలేకపోయాను.

ఇవాళ్టికీ నాకు సరిపోయేట్టు కనిపించే వివరణ ఒక్కటే. తల్లి నిద్రలో ఉన్నా చెవులు నిద్రపోవు. పాప ఊపిరి చప్పుడు నేను నిద్రలోనే వింటున్నాను. పాత గది, పాత చల్లదనం, చిన్ననాటి జ్ఞాపకం కలిసి నా మెదడు ఆ ఊపిరినే మగ్గం చప్పుడుగా మార్చుకుంది. ఊపిరి ఆగగానే నాకు మగ్గం ఆగినట్టు అనిపించింది. ఇంకొకరెవరైనా ఈ సంగతి నాకు చెప్పి ఉంటే, నేను ఇదే చెప్పి పంపేసేదాన్ని.

కానీ నాన్న నిద్రపోలేదు. ఆయన వీధి అరుగు మీద ఉన్నారు. రెండు గోడలకీ, వాన హోరుకీ అవతల ఉన్న గుప్పెడంత బిడ్డ ఊపిరి ఆయనకి ఎలా వినపడుతుంది? చూరు నీళ్ళు దేనిమీదైనా పడి అలా చప్పుడైందేమోనని ఇంటిచుట్టూ తిరిగి చూశాం. రేకు ముక్క కూడా లేదు. పోనీ ఏదో చప్పుడయిందనుకుందాం. ఆ వెలితి మాటేమిటి? ఒకసారి నేను కావాలని ఏమీ చెప్పకుండా, మీరు విన్న చప్పుడు ఎలా ఉందో చూపించండి నాన్నా అని అడిగాను. ఆయన కుర్చీ చేతి మీద వేళ్ళతో కొట్టి చూపించారు. రెండు దెబ్బలు, ఆగి, ఒక దెబ్బ. అక్కడితో నా శాస్త్రం ఆగిపోతుంది.

అమ్మకి ఆ చప్పుడు వినపడలేదు. ఆవిడ బాధ అది. అదే గదిలో కూర్చుని పాపని చూసుకుంది, తర్వాత పక్కనే వంటింట్లో ఉంది. ఏళ్ళు గడిచాక కూడా ఒకసారి అడిగింది. "మీ ఇద్దరికీ వినిపించింది, నాకెందుకు వినపడలేదే? మావగారు నన్ను పరాయిదాన్ని అనుకున్నారా?" నాన్నే, "నువ్వు ఆ ఉయ్యాల్లో పెరగలేదు కదా, నీకెలా తెలుస్తుంది" అన్నారు. అది జవాబో కాదో నాకు తెలియదు. అమ్మకి మాత్రం అది సరిపోయినట్టే ఉంది.

పాప నిలదొక్కుకుంది. తర్వాత ఎప్పుడూ ఊపిరి ఆగలేదు. మేం ఆ గదిలోనే ఇంకా చాలా రోజులు ఉన్నాం. మళ్ళీ ఆ చప్పుడు వినపడలేదు. వినపడితే బాగుండునని మనసులో అనుకున్న మధ్యాహ్నాలు లేకపోలేదు. భయంతో కాదు. తాతయ్యని చూసి ఎన్నాళ్ళో అయింది.

ఇప్పుడు మా అమ్మాయి జాహ్నవి అడ్డదిడ్డంగా, బోర్లా, మంచానికి అడ్డంగా, ఎలా పడితే అలా పడుకుంటుంది. ఈ కథ తనకి ఇంకా చెప్పలేదు.

పోయిన నెలలో నా దగ్గర చదువుకున్న సునీత అనే అమ్మాయికి నెలలు నిండకుండా బాబు పుట్టాడు. వాళ్ళది రాజోలు దగ్గర. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారని తెలిసి, ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు చర్చి నుంచి వచ్చే వేళకి చూడటానికి వెళ్ళాను. సునీత మొహం పీక్కుపోయింది. కళ్ళ కింద నలుపు. గోడకి ఆనుకుని బాబునే చూస్తూ కూర్చుంది. నేను తెలిసినవన్నీ చెప్పాను. వెల్లకిలా పడుకోబెట్టు, దిండు వద్దు, బొంత వద్దు, పొగ రానివ్వకు, పక్కలో వేసుకోకు. అన్నిటికీ తలూపింది.

"అవన్నీ చేస్తన్నానండీ మేడమ్. కానీ నాకు నిద్ర పట్టేస్తే? అప్పుడేమైనా అయితే నాకెలా తెలుస్తాదండీ? మీకెలా తెలిసింది?"

ఎవరో చెప్పి ఉంటారు, మా పాప సంగతి. అంత వరకే తెలిసి ఉంటుంది.

ఎలా తెలిసిందో చెప్పగలిగితే ఆ పిల్లకి ముందు చెప్పేదాన్ని.

"నువ్వు కాసేపు పడుకో అమ్మా. నేను చూస్తుంటాను" అన్నాను.

మొదట వద్దంది. తర్వాత చాప మీద ఒరిగి, క్షణంలో నిద్రపోయింది. ఆమె లేచేదాకా, ఆ బాబు పొట్ట లేవడం పడటం చూస్తూ అలాగే కూర్చున్నాను.